పాత ట్రాన్స్‌పాండర్ తీసేసి ఏది పెట్టాలి? చిన్న విమానం ఉన్నవాళ్లకు ఒక పోలిక

"మీ ట్రాన్స్‌పాండర్ జవాబు రావడం లేదు, ఒకసారి రీసైకిల్ చేయండి." రేడియోలో కంట్రోలర్ నోట ఈ మాట వినగానే చిన్న విమానం ఉన్నవాళ్లకు ముందు గుర్తొచ్చేది పర్సే. ట్రాన్స్‌పాండర్ అంటే నేల మీది రాడార్ అడిగితే విమానం తరఫున జవాబిచ్చే డబ్బా. రీసైకిల్ అంటే దాన్ని ఆపి మళ్లీ వేయడం.

మాకూ అంతే అయింది. డాలస్‌కు ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో మేం ముగ్గురం కలిసి కొనుక్కున్న 1976 మోడల్ సెస్నా 172 ఉంది. ఇద్దరం తెలుగువాళ్లం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో ఎగిరే రకం. మూడో ఆయన టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన రిటైర్డ్ మెకానిక్. 2017లో ఒక శనివారం రీజనల్ అప్రోచ్‌తో (ఆ చుట్టుపక్కల విమానాలను రాడార్‌లో చూసే కంట్రోలర్లతో) మాట్లాడుతుంటే పది నిమిషాల్లో రెండుసార్లు మేం వాళ్ల తెర మీద నుంచి మాయమయ్యాం. ఇంటికొచ్చి మేమిద్దరం లాప్‌టాప్ తెరిచి కొత్త డబ్బాల ధరలు చూస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. పెద్దాయన మర్నాడు పొద్దున్నే ఒక పాత గుడ్డ పట్టుకుని హ్యాంగర్‌కు వెళ్లి విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకున్నాడు. వేలెడంత యాంటెన్నా పుల్ల మీద ఏళ్ల తరబడి కారిన ఇంజిన్ ఆయిల్, ఎగ్జాస్ట్ మసి గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. తుడిచి, లోపలివైపు కనెక్టర్ విప్పి చూస్తే పచ్చగా చిలుమెక్కి ఉంది. కొత్త కేబుల్, కొత్త కనెక్టర్లు వేశాం. అదే పాత ట్రాన్స్‌పాండర్ మరో రెండేళ్లు పేచీ పెట్టకుండా పనిచేసింది.

ఆ రెండేళ్లలో తాపీగా చదివి, నలుగురినీ అడిగి, చివరికి మార్చాం. మార్చడంలో ఒక తప్పు కూడా చేశాం, అది చివర్లో చెబుతాను. ఇదంతా అమెరికాలో ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల కింద ఎగిరే చిన్న విమానాల సంగతి.

ఆ డబ్బా చేసే పని

నేల మీది రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు తమ విమానాలను గుర్తుపట్టడానికి పెట్టుకున్న ఇలాంటి పరికరాన్ని 'చిలక' అని పిలుచుకునేవారు. ఇవాళ్టికీ కంట్రోలర్ "స్క్వాక్ 1200" అంటున్నాడంటే అది ఆ చిలక అరుపే. నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 7 దాకా, మొత్తం 4,096 కోడ్లు. ఆ కోడ్ ఒక్కటే చెబితే మోడ్ ఏ. దానికి ఎత్తు కూడా కలిపితే మోడ్ సీ, అదీ వంద అడుగుల మెట్లలో. మోడ్ ఎస్‌లో ప్రతి విమానానికీ దానికి మాత్రమే చెందిన 24 బిట్ల చిరునామా ఉంటుంది కాబట్టి రాడార్ పేరు పెట్టి పిలవగలదు. ఏడీఎస్-బీ అయితే ఎవరూ అడిగేదాకా ఆగదు. జీపీఎస్ చెప్పిన స్థానాన్ని సెకనుకు ఒకసారైనా తనంతట తానే చాటుకుంటూ పోతుంది.

ఎత్తు చెప్పడం దగ్గర ఎఫ్‌ఏఏ ఎందుకంత పట్టుబడుతుందో తెలియాలంటే 1986 ఆగస్టు 31 గుర్తుచేసుకోవాలి. లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ ఊరి మీద ఏరోమెక్సికో డీసీ-9, ఒక పైపర్ ఆర్చర్ గుద్దుకున్నాయి. పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది కానీ మోడ్ సీ లేదు. రెండు విమానాల్లోని 67 మంది, కింద ఇళ్లలో ఉన్న 15 మంది చనిపోయారు. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్ల మోడ్ సీ వలయం, ఎయిర్‌లైన్ విమానాల్లో టీకాస్ (ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరం) తప్పనిసరి కావడం ఆ తర్వాతి మాటే. మన పాత డబ్బా ఎత్తు సరిగ్గా చెబితేనే ఎదురొచ్చే జెట్‌లోని టీకాస్ పైకి పోవాలో కిందికి దిగాలో తేల్చుకోగలదు. నలభై ఏళ్ల డబ్బాను "నడిచినన్నాళ్లు నడుస్తుందిలే" అని వదిలేయడానికి నాకు మనసొప్పకపోవడానికి కారణం ఇదే.

ముందు రోగం ఏదో తేల్చండి

ఏవియానిక్స్ (విమానపు ఎలక్ట్రానిక్స్) షాపుకు వెళ్లి "ట్రాన్స్‌పాండర్ పాడైంది" అంటే కొత్తది అమ్ముతారు. అది వాళ్ల తప్పు కాదు, మీరు అడిగింది అదే కదా. అందుకని వెళ్లే ముందు నాలుగు చోట్ల చూసుకోండి.

మొదటిది యాంటెన్నా, దాని వెనక కేబుల్. పాత విమానాల్లో వాడిన ఆర్‌జీ-58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర పవర్‌ను బాగానే మింగేస్తుంది. ఏళ్లు గడిచి, తేమ చేరి, వంపుల దగ్గర నలిగితే ఇంకా మింగుతుంది. ఆర్‌జీ-400 వేయించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చవకైన బాగు. కొత్త ట్రాన్స్‌పాండర్ పెట్టించినా పాత కేబుల్ అలాగే ఉంచేస్తే డబ్బు వెళ్లి కేబుల్‌లో కరిగిపోయినట్టే.

రెండోది ట్రే. ప్యానెల్‌లో డబ్బా వెనక్కి సరిగ్గా కూర్చోకపోతే కాంటాక్టులు పట్టీ పట్టకుండా ఉంటాయి. ముందున్న చిన్న రంధ్రంలో అలెన్ కీ పెట్టి తిప్పితే అది బయటికొస్తుంది. తీసి, కాంటాక్టులు శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే బాగుపడ్డవి నేను చూశాను. ఇది కూడా మీ మెకానిక్ చేతుల మీదుగానే జరగనివ్వండి.

మూడోది ఎన్‌కోడర్. ట్రాన్స్‌పాండర్‌కు ఎత్తు చెప్పే వేరే చిన్న పెట్టె ఇది, సాధారణంగా ప్యానెల్ వెనక ఎక్కడో దాక్కుని ఉంటుంది. కంట్రోలర్ "మీ ఎత్తు 300 అడుగులు తేడా చూపిస్తోంది, ఆల్టిట్యూడ్ స్క్వాక్ ఆపండి" అన్నాడంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పాత ఎన్‌కోడర్లు వేడెక్కడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి కూడా. చలికాలం ఉదయాల్లో టేకాఫ్ అయిన కొత్తలో మాత్రమే ఎత్తు రావడం లేదంటే డబ్బా మార్చినా అది తగ్గదు.

నాలుగోది డబ్బానే. కింగ్ కేటీ 76ఏ లాంటి ఆ తరం ట్రాన్స్‌పాండర్లలో సిగ్నల్ పంపే పని ఒక కేవిటీ ట్యూబుది. స్విచ్ వేశాక నిమిషం దాకా వేడెక్కనివ్వాలనేది అందుకే. ట్యూబు వయసైపోయేకొద్దీ పవర్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ 1090 నుంచి పక్కకు జరుగుతుంది. కోడ్ తిప్పే నాబుల్లో కాంటాక్టులు అరిగితే మీరు 4231 పెడితే కంట్రోలర్‌కు వేరే అంకె కనిపిస్తుంది. ఒక్కో నాబును రెండు మూడుసార్లు పూర్తిగా తిప్పితే కాసేపు సర్దుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇది ఎలా తెలుసుకోవాలి? 91.413 నిబంధన కింద ప్రతి 24 నెలలకూ ట్రాన్స్‌పాండర్ టెస్టు చేయించాలి, వీఎఫ్ఆర్‌లో, అంటే బయటికి కళ్లతో చూసుకుంటూ, మాత్రమే ఎగిరేవాళ్లైనా సరే. చాలామంది లాగ్‌బుక్‌లో "పాస్" అన్న స్టిక్కర్ చూసి ఊరుకుంటారు. అలా కాకుండా ఎన్ని వాట్లు వచ్చిందో, ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో కాగితం మీద రాసివ్వమని అడగండి. 15,000 అడుగుల పైన కూడా ఎగిరే తరగతికి కనీసం 125 వాట్లు, కింది తరగతికి 70 వాట్లు రావాలి. గత టెస్టులో 200 ఉన్నది ఈసారి 140కి దిగిందంటే ఆ డబ్బా పాసైనా దాని రోజులు దగ్గరపడ్డాయన్నమాట. ఒక్క అంకె ఏమీ చెప్పదు. రెండు అంకెలు పక్కపక్కన పెడితే అన్నీ చెబుతాయి.

ట్యూబు పోయిందని తేలితే మరమ్మతు చేయించాలా? నా అభిప్రాయం: మీ ఊళ్లో దాన్ని ఎరిగిన మనిషి ఉండి, ఖర్చు నాలుగైదు వందల డాలర్లు దాటకపోతే ఒకసారి చేయించండి. రెండోసారి వద్దు. నార్కో డబ్బా అయితే మొదటిసారి కూడా వద్దనే అంటాను, ఆ కంపెనీయే మూతపడింది.

మీరు ఎగిరే ఆకాశం ఏది?

2020 జనవరి 1 నుంచి అమెరికాలో ఎక్కడెక్కడ మోడ్ సీ కావాలో దాదాపు అక్కడల్లా ఏడీఎస్-బీ అవుట్ (మన స్థానాన్ని బయటికి చాటే భాగం) కూడా కావాలి. క్లాస్ ఏ, బీ, సీ అనే, కంట్రోలర్ల అదుపులో ఉండే ఆకాశపు తరగతులు. పెద్ద ఎయిర్‌పోర్టుల 30 మైళ్ల వలయం. క్లాస్ బీ, సీల మీద 10,000 అడుగుల దాకా. ఆ పైన అంతటా, నేల నుంచి 2,500 అడుగుల లోపు ఉన్న భాగం తప్ప. మా ఎయిర్‌పోర్టు డాలస్-ఫోర్ట్‌వర్త్ వలయంలోనే ఉంది కాబట్టి మాకు ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

అదే పశ్చిమ టెక్సస్‌లో పొలాల మధ్య గడ్డి రన్‌వే మీద నుంచి లేచి, యాభై మైళ్లు తిరిగి అక్కడే దిగేవాళ్లకు చట్టప్రకారం ఏదీ అక్కర్లేకపోవచ్చు. పుట్టుకతోనే ఎలక్ట్రికల్ సిస్టం లేని పాత పైపర్ కబ్ లాంటి వాటికి వలయంలోనూ కొంత మినహాయింపు ఉంది. ఏడాదికి ఒక్కసారి క్లాస్ సీలోకి వెళ్లాల్సి వస్తే ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్‌లో అడాప్ట్ అనే పేజీ ఉంది. ప్రయాణానికి కనీసం గంట ముందు అందులో అనుమతి అడగవచ్చు, కానీ దానికీ ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ పనిచేస్తూ ఉండాలి. అనుమతి వచ్చి తీరుతుందన్న హామీ కూడా లేదు.

దారిలో ట్రాన్స్‌పాండర్ ఆగిపోతే టెన్షన్ పడకండి. 91.215 ప్రకారం అప్పటికప్పుడు కంట్రోలర్‌ను అడిగి గమ్యం దాకానో, రిపేరు చేసే చోటికో వెళ్లవచ్చు.

978నా, 1090నా

ఏడీఎస్-బీ అవుట్‌కు అమెరికాలో రెండు దారులున్నాయి. ప్రపంచమంతా వాడేది 1090, అంటే మోడ్ ఎస్ ట్రాన్స్‌పాండరే తన మాటను కొంచెం పొడిగించి స్థానం కూడా చెబుతుంది. రెండోది 978 మెగాహెర్ట్జ్ మీద యూఏటీ. ఇది అమెరికా సొంత ఏర్పాటు, 18,000 అడుగుల లోపే చెల్లుతుంది, దేశం హద్దు దాటితే పనికిరాదు.

978 వైపు అందరినీ ఆకర్షించింది యూఏవియానిక్స్ కంపెనీ బీకన్లు. రెక్క కొస లైటు తీసి స్కైబీకన్, లేదా తోక లైటు తీసి టెయిల్‌బీకన్ బిగించడమే. ప్యానెల్ విప్పక్కర్లేదు, కొత్త యాంటెన్నాకు రంధ్రం కొట్టక్కర్లేదు. జీపీఎస్, ట్రాన్స్‌మిటర్, ఎల్ఈడీ లైటు అన్నీ అందులోనే. ఫోన్ నుంచి వైఫైతో సెటప్ చేసుకోవచ్చు. సుమారు 2,000 డాలర్లకు, ఒక పూట పనితో 2019లో చాలామంది అలా గట్టెక్కారు. తెలివైన పరికరమే, దాన్ని తక్కువ చేయను.

కానీ ఒక మెలిక ఉంది. ఈ బీకన్ మీ ట్రాన్స్‌పాండర్‌కు బదులు కాదు, తోడు మాత్రమే. మీరు పెట్టిన కోడ్, ఎన్‌కోడర్ చెప్పే ఎత్తు దానికి ఎలా తెలుస్తాయంటే, పాత ట్రాన్స్‌పాండర్ జవాబిచ్చినప్పుడు విమానం వైరింగ్‌లోకి పాకే ఆ అలికిడిని వినే! అంటే పాత డబ్బా మూగబోతే కొత్త బీకన్‌కూ మాట సగమే వస్తుంది. మా వరస హ్యాంగర్లలో ఇద్దరు అప్పట్లో చవకగా అయిపోయిందని సంబరపడి, తర్వాత పాత ట్రాన్స్‌పాండర్ మొరాయించేసరికి రెండో ఖర్చు పెట్టుకున్నారు. ఇప్పుడు మీ విమానంలో బీకన్ ఉండి, దాని కింద నలభై ఏళ్ల ట్రాన్స్‌పాండర్ ఉంటే మీ లెక్క ఇలా వేసుకోండి: మోడ్ సీ డబ్బా ఒక్కటే మార్చి బీకన్ ఉంచుకోవడమా, లేక 1090 డబ్బా పెట్టి బీకన్‌ను ఆపేసి అమ్ముకోవడమా? బీకన్ ఆరోగ్యంగా ఉండి మీరు 18,000 అడుగుల లోపు, అమెరికాలోనే ఎగిరేవాళ్లైతే మొదటిది చాలు. అలాంటప్పుడు గార్మిన్ జీటీఎక్స్ 327 లాంటి పాత డిజిటల్ మోడ్ సీ డబ్బా వాడినదైనా సరిపోతుంది. ట్యూబు లేదు, నాబులు లేవు, అంకెలు నొక్కడమే.

978కి మరో ఆకర్షణ గోప్యత. 1200 కోడ్‌తో (వీఎఫ్ఆర్‌లో ఎగిరేవాళ్లందరూ వాడే ఉమ్మడి కోడ్), కంట్రోలర్ సేవలు తీసుకోకుండా ఎగిరేటప్పుడు యూఏటీలో పేరు చెప్పని పద్ధతి ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ దాచుకోవాల్సినంత ప్రయాణాలు లేవు కాబట్టి మేం పట్టించుకోలేదు. ఎవరింటి మీదుగా ఎప్పుడు ఎగిరామో అందరూ వెతికి చూడటం ఇష్టం లేనివాళ్లకు అది నిజంగానే లెక్కలోకి వస్తుంది.

1090 డబ్బాల్లో ఏది?

ఇక్కడ కొనేవాళ్లు చేసే పొరపాటు డబ్బాల ముఖాలు చూసి పోల్చడం. తేడా ముఖంలో లేదు, వెనక ఉంది. ఏడీఎస్-బీకి అర్హమైన డబ్ల్యూఏఏఎస్ జీపీఎస్ (సవరణ సంకేతాలతో మరింత కచ్చితంగా స్థానం చెప్పేది) మీ ప్యానెల్‌లో ఇప్పటికే ఉందా? జీఎన్ఎస్ 430డబ్ల్యూ, జీటీఎన్ 650, జీపీఎస్ 175 లాంటివేవైనా? ఉంటే జీపీఎస్ లేని ట్రాన్స్‌పాండర్ కొని రెంటినీ కలిపితే చాలు. లేకపోతే లోపల జీపీఎస్ ఉన్నది కొనాలి, పైకప్పు మీద ఒక జీపీఎస్ యాంటెన్నా కూడా పెట్టించాలి. 2016లో జీటీఎక్స్ 335 వచ్చినప్పుడు దాని ధర 2,995 డాలర్ల నుంచి, లోపలి జీపీఎస్‌కు మరో 800. ఇవి అప్పటి ధరలు. ఇవాళ ఎక్కువే ఉంటాయి కానీ, రెంటి మధ్య ఆ పాటి అంతరం ఉంటుందని అంచనా వేసుకోవడానికి పనికొస్తాయి.

కేటీ 76ఏ ఉన్నవాళ్లను షాపులు ఇంకోవైపు కూడా చూడమంటాయి: పాత ట్రేలోకే జారిపోయేవి. ట్రిగ్ టీటీ31, దాని కవల లాంటి బెండిక్స్‌కింగ్ కేటీ 74 ఆ ఉద్దేశంతోనే వచ్చాయి. మోడ్ సీగా, మోడ్ ఎస్‌గా వెంటనే పనిచేయాలంటే ఇంతకన్నా తేలిక లేదు. అయితే ఏడీఎస్-బీ కావాలంటే జీపీఎస్ వైరు వేరే లాగాల్సిందే. "జార్చితే చాలు" అన్న మాట విని కూలీ ఖర్చు ఉండదనుకుంటే ఎస్టిమేటు చూశాక ఉలిక్కిపడతారు. ప్యానెల్‌లో చోటు బొత్తిగా లేనివాళ్లకు ట్రిగ్ టీటీ22 బాగుంటుంది. అసలు డబ్బా ఎక్కడో వెనక ఉంటుంది, ముందు చిన్న తల మాత్రమే కనిపిస్తుంది.

ఇక జీటీఎక్స్ 345. ఇది 335 చేసేదంతా చేస్తుంది, పైగా ఏడీఎస్-బీ ఇన్ కూడా ఉంది: చుట్టుపక్కల విమానాలను, 978 మీద ఉచితంగా వచ్చే వాతావరణ సమాచారాన్ని అందుకుని బ్లూటూత్‌తో ఐప్యాడ్‌కు పంపుతుంది. విడుదలప్పుడు 4,995 డాలర్ల నుంచి, అంటే 335 కన్నా 2,000 ఎక్కువ. ప్యానెల్‌లో పెద్ద గ్లాస్ తెర ఉండి, ట్రాఫిక్ అంతా అందులోనే కనపడాలనుకుంటే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఐప్యాడ్‌లోనే చూసేటట్టయితే సెంట్రీ లాంటి పోర్టబుల్ రిసీవరు అద్దానికి అతికించుకుంటే అదే పని అయిపోతుంది. దాన్ని అద్దె విమానంలోకీ తీసుకెళ్లవచ్చు. 345కి నేను ఓటు వేయను, మా ప్యానెల్‌కైతే అసలే వేయను.

ఒక ముఖ్యమైన సంగతి: పోర్టబుల్ రిసీవరులో ట్రాఫిక్ పూర్తిగా కనపడాలంటే మీ విమానంలో ఏడీఎస్-బీ అవుట్ ఉండాలి. నేల స్టేషన్లు రాడార్ ట్రాఫిక్‌ను పంపేది అవుట్ ఉన్న విమానాల కోసమే, వాటి చుట్టూ 15 మైళ్ల మేర, పైకీ కిందికీ 3,500 అడుగుల లోపు. అవుట్ లేకుండా ఐప్యాడ్‌లో చూస్తే తెర ఖాళీగా ఉన్నా ఆకాశం ఖాళీ అని కాదు.

ఐఎఫ్ఆర్ (మబ్బుల్లోనూ పరికరాల మీద ఆధారపడి) ఎగరాలనుకుంటూ, ప్యానెల్‌లో పనికొచ్చే జీపీఎస్ లేనివాళ్లు చూడాల్సింది గార్మిన్ జీఎన్ఎక్స్ 375. నావిగేషన్ జీపీఎస్, ట్రాన్స్‌పాండర్, ఏడీఎస్-బీ ఇన్, అవుట్ అన్నీ రెండంగుళాల ఎత్తున్న ఒకే పెట్టెలో. 2019లో ఇది 7,995 డాలర్లకు వచ్చింది.

కెనడా వెళ్లేవాళ్లకు లెక్క మారిపోతుంది. అక్కడ ఏడీఎస్-బీని ముఖ్యంగా వినేది ఉపగ్రహాలు. కాబట్టి 1090 ఒక్కటే చాలదు, పైకీ కిందికీ రెండువైపులా పంపగలిగిన యాంటెన్నా ఏర్పాటు కావాలి. క్లాస్ ఏలో 2023 ఆగస్టు నుంచి, క్లాస్ బీలో 2024 మే నుంచి ఈ నియమం ఉంది. పొట్ట కింద ఒక్క పుల్ల ఉన్న విమానం నయాగరా దాటి వెళ్లే ముందు ఏ క్లాసులో ఎగరబోతోందో చూసుకోవాలి. జీటీఎక్స్ 335డీ, 345డీ, తోకలో కూర్చునే టెయిల్‌బీకన్‌ఎక్స్ ఈ అవసరం కోసం ఉన్నవే. పేరు దగ్గరగా ఉందని టెయిల్‌బీకన్‌తో పొరబడకండి. ఎక్స్ అన్నది 1090 మోడ్ ఎస్ ట్రాన్స్‌పాండర్, మొదటిది 978.

షాపులో అడగాల్సినవి

ఇక్కడ అసలు కంటే కొసరే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఎస్టిమేటులో డబ్బా ధర పక్కన ఇవి విడివిడిగా రాయించుకోండి: కొత్త కేబుల్, కొత్త ట్రాన్స్‌పాండర్ యాంటెన్నా, జీపీఎస్ యాంటెన్నా, దానికి రేకు కింద బలం పట్టీ, ఎన్‌కోడర్, కాగితాల పని, చివరి టెస్టులు. గంటకు వంద డాలర్ల పైమాటే ఉండే కూలీ దగ్గర "రెండు రోజులు పట్టొచ్చు" అన్న మాటకు అర్థం రాతలో ఉండాలి.

పాత ఎన్‌కోడర్‌ను ఉంచుకోవాలా అన్నది అప్పుడే తేల్చుకోండి. జీటీఎక్స్ 335కు వెనక తగిలించే జీఏఈ 12 అనే చిన్న ఎన్‌కోడర్ ఉంది. దాంతో ప్యానెల్ వెనక పది తీగల జడ ఒకటి తగ్గిపోతుంది. మేం అదే చేశాం. తీసిన పాత తీగలు తూకం వేసి పెద్దాయన మురిసిపోయాడు.

వాడిన మోడ్ ఎస్ డబ్బా కొంటే ఇంకో జాగ్రత్త. దాని లోపల పాత విమానం 24 బిట్ల చిరునామా ఉండిపోతుంది. మీ ఎన్ నంబరుకు (విమానం రిజిస్ట్రేషన్ నంబరు) తగ్గ చిరునామా మార్చకుండా లేస్తే మీరు ఇంకొకరి పేరుతో ఎగురుతున్నట్టే. ఒక్క అంకె తప్పు కొట్టినా అంతే. కాగితాల్లో 8130-3 ట్యాగు (వాడటానికి తగినదని చెప్పే ఎఫ్‌ఏఏ పత్రం) లేని డబ్బాను సర్టిఫైడ్ విమానంలో పెట్టడానికి చాలా షాపులు ఒప్పుకోవు కూడా, కాబట్టి ఆన్‌లైన్‌లో చవకగా కనపడ్డదాన్ని కొనేముందు బిగించేవాళ్లను అడగండి. సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానాలవాళ్లకు ఈ బాధలు చాలావరకు లేవు, వాళ్లను చూసి కుళ్లుకోవడమే.

పని అయ్యాక మొదటి ప్రయాణం ఏడీఎస్-బీ వర్తించే ఆకాశంలో ఒక అరగంటైనా చేసి, ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్‌లో పీఏపీఆర్ రిపోర్టు (మీ ఏడీఎస్-బీ ఎలా పనిచేసిందో చెప్పేది) అడగండి. ఉచితం. ఈమెయిల్‌కు వస్తుంది. తప్పు ఉన్నచోట ఎర్ర రంగు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకున్నాకే చివరి బిల్లు కట్టడం నా అలవాటు.

ఎవరికి ఏది, మేం చేసిన తప్పు

వలయం బయట మాత్రమే ఎగిరేవాళ్లు యాంటెన్నా, కేబుల్ బాగుచేసుకుని, అవసరమైతే ఒక డిజిటల్ మోడ్ సీ డబ్బాతో సరిపెట్టుకోవచ్చు. బీకన్ ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి పైన చెప్పాను. వలయంలో ఉండి, వీఎఫ్ఆర్ మాత్రమే ఎగురుతూ, జీపీఎస్ లేనివాళ్లకు లోపలి జీపీఎస్ ఉన్న 335 లాంటిది నిశ్చింత. ఐఎఫ్ఆర్ జీపీఎస్ ఉన్నవాళ్లు ట్రాన్స్‌పాండర్ ఒక్కటే తీసుకుని రెంటినీ కలపండి, రెండోసారి జీపీఎస్‌కు డబ్బు కట్టకండి.

మేం 2019 చివర్లో లోపలి జీపీఎస్ ఉన్న 335 పెట్టించాం. మేమిద్దరం అప్పటికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఎఫ్ఆర్ ఎగరడానికి కావాల్సిన అర్హత) గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం, "అది ఎప్పుడో కదా" అనుకున్నాం. రెండేళ్లకే మొదలుపెట్టాం. అప్పుడు జీపీఎస్ 175 కొనాల్సొచ్చింది. దాంతో 335 లోపల ఉన్న జీపీఎస్ అక్కర్లేకుండా పోయింది. విడుదల ధరలే పట్టుకున్నా 335కు 3,795, జీపీఎస్ 175కు 4,995, కలిపితే 8,790. జీఎన్ఎక్స్ 375 ఒక్కటే అయితే 7,995, పైగా ఏడీఎస్-బీ ఇన్ దాంతోనే వచ్చేది. కూలీ రెండుసార్లు కట్టింది వేరే. పైకప్పుకు రెండో యాంటెన్నా కోసం రంధ్రం కొడుతుంటే పెద్దాయన నిచ్చెన పట్టుకుని నిలబడి, మొదటి రంధ్రం కొట్టిన రోజే తను ఇది చెప్పాడని ఇద్దరికీ గుర్తుచేశాడు. నిజంగానే చెప్పాడు.